తోడు కాగితం మీద సంతకం

బల్గేరియాలో గబ్రోవో అనే ఊళ్లో ల్యుబెన్ మినేవ్ అంటే టెక్నికల్ స్కూల్లో కంప్యూటర్లు చెప్పే మాస్టారు, అంతే. స్కూలు ప్రింటర్ పాడైతే బాగుచేయించడానికి ఎక్కడికీ పంపడు, ఇంటికి మోసుకుపోయి వంటింటి బల్ల మీద విప్పుతాడు. పిల్లి లోపలికి వచ్చేటప్పుడు దాని తోక కోసం తలుపు ఇంకో క్షణం తెరిచి ఉంచాల్సి వస్తుంది, గదిలో వేడి బయటికి పోతుంది అని పిల్లుల తోకలు కత్తిరించారని చెప్పుకునే ఊరు మాది. అలాంటి చోట పొదుపరి అని పేరు తెచ్చుకోవడం ఆషామాషీ సంగతి కాదు. ల్యుబెన్ తెచ్చుకున్నాడు, దాన్ని కాస్త గర్వంగానే మోశాడు కూడా.

యావోర్ వాళ్ల మధ్య మాత్రం అతను పెద్దమనిషి. యావోర్ అంటే కంప్యూటర్‌ను నడిపించే ఆపరేటింగ్ సిస్టం. దాని వెనక కంపెనీ లేదు, జీతాలు లేవు. ఎనభై మంది దాకా ఉంటారు. ఎవరి ఉద్యోగాలు వాళ్లు చేసుకుంటూ, తీరిక దొరికినప్పుడు తలా కొన్ని ప్రోగ్రాములు చేపట్టి, యావోర్‌కు సరిపడేలా తయారుచేసి, మూటగట్టి భాండారంలో పెడతారు. కావలసినవాళ్లు ఊరికే తీసుకుని వాడుకోవచ్చు. ప్రతి మూటతోనూ ఒక కాగితం ఉంటుంది. నిజానికి అదీ కంప్యూటర్లో రాసిందే, అయినా వాళ్లు కాగితమనే అంటారు. ఎక్కణ్ణుంచి తెచ్చాను, ఏం మార్చాను, ఎలా తయారుచేశాను అని అందులో రాసి, తన ఒక్కడి దగ్గరే ఉండే రహస్య సంకేతంతో సంతకం పెట్టాలి. ఒకరి ఇంటికొకరు వెళ్లి చూసే వీలు లేదు కాబట్టి పనంతా ఆ సంతకాల మీదే నడుస్తుంది. ఆ ఎనభై మందిలో ఎవరినడిగినా, కాగితం రాస్తే ల్యుబెనే రాయాలి అనేవారు.

అలా అనడానికి కారణం వ్రెతెనో.

వ్రెతెనో ఒక కంపైలర్. మనుషులు రాసిన ప్రోగ్రాంను యంత్రానికి తెలిసే అంకెల్లోకి మార్చి పెడుతుంది. చిక్కేమిటంటే, వ్రెతెనోను రాసింది కూడా వ్రెతెనో భాషలోనే. దాన్ని తయారుచెయ్యాలంటే ముందు అదే మన దగ్గర ఉండాలి. పెరుగు కావాలంటే తోడుకు కాస్త పెరుగు ఉండాలి కదా, అలాగన్నమాట. ఆ మొదటి ముక్కను యావోర్ వాళ్లు తోడు అనే పిలుస్తారు. పెరుగు సంగతి బల్గేరియా వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ఇలాంటిదాన్ని కొత్తగా తెచ్చేటప్పుడు పద్ధతి ఒకటుంది. బయటి నుంచి తోడు తెచ్చుకోవచ్చు, ఒక్కసారికి మాత్రమే. దాంతో ఒకటి తయారుచెయ్యాలి, వచ్చినదాంతో మళ్లీ ఒకటి, దాంతో ఇంకొకటి. రెండోదీ మూడోదీ ఒక్క బైటు కూడా తేడా లేకుండా ఉంటే, బయటి తోడును పారేసి మూడోదాన్ని భాండారంలో పెట్టాలి. అక్కణ్ణుంచి వచ్చే ప్రతి కొత్త వ్రెతెనోనూ భాండారంలో ఉన్న పాత వ్రెతెనోయే తయారుచేస్తుంది.

పన్నెండేళ్ల కింద ల్యుబెన్ దగ్గరున్నది స్కూలువాళ్లు పక్కన పడేసిన ల్యాప్‌టాప్. వ్రెతెనోను ఒక్కసారి తయారుచెయ్యడానికి దానికి రోజున్నర పట్టేది, అదీ సగంలో మెమరీ చాలక చతికిలబడేది. ఆ శుక్రవారం సాయంత్రం ఆరింటికి కొత్త మూటలకు భాండారం తలుపులు మూస్తారు. ఆలోపు పెట్టకపోతే మళ్లీ రెండేళ్లకే. బుధవారంనాడు ప్లెవెన్ నుంచి త్రెందఫిల్ ఫోన్ చేశాడు. ల్యుబెన్‌కు పాత స్నేహితుడు, నోరు కాస్త పెద్దది.

"ఒరేయ్, మా ఆఫీసులో పెద్ద యంత్రం ఖాళీగా పడుంది. ఆ తుక్కు డబ్బాతో ఎందుకురా కుస్తీ? ఇటు పంపించెయ్, నేను తిప్పేస్తా."

"అక్కర్లేదురా, అయిపోవచ్చింది," అన్నాడు ల్యుబెన్.

అవలేదు. కానీ వ్రెతెనోను ఒంటిచేత్తో తెచ్చింది తనేనని అనిపించుకోవాలని అతనికి మహా కోరికగా ఉంది. అందుకని తోడును విప్పి, అందులో ఒక అంకె మార్చాడు. ప్రోగ్రాంలో ఒక గూట్లో ఇంకో గూడు, అందులో మరోటి, అలా పెట్టుకుంటూ పోతే ఎంత లోతు దాకా గుర్తుంచుకోవాలో చెప్పే అంకె అది. 256 ఉన్నదాన్ని 64 చేశాడు. మెమరీ తక్కువ తింది. గురువారం రాత్రికి ఒకటి తయారైంది. ఇంకా రెండుసార్లు తిప్పడానికి మూడు రోజులు కావాలి, చేతిలో ఒక్క రోజు ఉంది. శుక్రవారం నాలుగింటికి కూర్చుని కాగితం రాశాడు: 'తోడు బయటిది. మార్పులేమీ లేవు. మూడుసార్లు తయారుచేశాను, రెండోదీ మూడోదీ ఒకేలా ఉన్నాయి.' వచ్చే వారం తీరిగ్గా చేసి మార్చేద్దాం, ఈలోగా ఎవరికి తెలుస్తుంది అనుకుని సంతకం పెట్టాడు.

వచ్చే వారం మెచ్చుకోళ్లు వచ్చాయి. తనను తాను కనే ప్రోగ్రాంను ఎలా తేవాలో కొత్తవాళ్లకు పాఠం రాసి పెట్టమన్నారు. రాశాడు. మూడోసారి తిప్పడం ఎందుకు మానకూడదో అందులో ఒక పేజీ నిండా ఉంది. అది రాస్తున్నప్పుడు అతని చెవులు వేడెక్కాయి. అయినా రాయడం మాత్రం బాగా రాశాడు, అది చదివే ఏటేటా కొత్తవాళ్లు పని నేర్చుకున్నారు.

మూటను మాత్రం మళ్లీ ముట్టుకోలేదు. సరిచేస్తే భాండారంలో ఉన్నది మారుతుంది, ఎందుకు మారిందని అడుగుతారు. పది తరాలు గడిచాక మొదటి తోడు జాడ ఎక్కడుంటుందిలే, ఎప్పుడో కొట్టుకుపోయి ఉంటుంది అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. యావోర్‌లో వ్రెతెనో రాసేవాళ్లకు అప్పుడప్పుడూ 'లోతు ఎక్కువైంది' అని యంత్రం మొరాయించేది. పాపం వాళ్లు తమ రాతే బాగాలేదనుకుని ముక్కలు చేసి రాసుకునేవారు. "మన వ్రెతెనోది గబ్రోవో కడుపురా, తక్కువ తింటుంది" అని త్రెందఫిల్ ప్రతి సమావేశంలోనూ వేళాకోళమాడేవాడు. అందరూ నవ్వేవారు, ల్యుబెన్ కూడా నవ్వేవాడు. ఒక్కసారి తెరిచి చూసుంటే తెలిసిపోయేది. తెలిసిపోతుందనే అతను తెరవలేదు.

కిందటి అక్టోబరులో ఒక మంగళవారం, రెండో పీరియడుకూ మూడో పీరియడుకూ మధ్య, కలీనా రుసినొవా దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. కలీనాది తర్నొవో, ఆసుపత్రిలో నర్సు, ముప్ఫై ఒక్కేళ్లు. ల్యుబెన్ పాఠం చదివే ఈ పనిలోకి వచ్చింది. ఎదురుగా కూర్చోబెట్టి, గుర్తింపు కార్డు చూసి, ఈ సంకేతం ఈ మనిషిదేనని ఆమెకు పూచీపడిందీ ల్యుబెనే. ఆమె తలకెత్తుకున్న పని చిన్నది కాదు. బయటివాళ్ల తోడు చుక్క కూడా వాడకుండా వ్రెతెనోను తయారుచెయ్యాలనుకుంది. చేత్తో రాసి, కంటితో చదివి సరిచూసుకోగలిగినంత చిన్న ముక్కతో మొదలుపెట్టి, దాంతో ఇంకాస్త పెద్దది, దాంతో మరికాస్త పెద్దది, అలా పద్నాలుగు మెట్లు. పైమెట్టు మీద వ్రెతెనో. అదీ, భాండారంలో ఉన్నదీ అచ్చంగా ఒకేలా ఉంటే, ఇన్నేళ్లలో ఎవరూ దొంగచాటుగా లోపల ఏదీ కలపలేదని రుజువవుతుంది.

"మాస్టారూ, పైమెట్టు ఎక్కాను," అని రాసింది. "అన్నీ కలిశాయి, రెండు బైట్లు తప్ప. భాండారంలో 64 ఉన్నచోట నాకు 256 వస్తోంది. వ్రెతెనో రాతలో వెతికితే ఆ అంకె ఎక్కడా లేదు. 'నన్ను తయారుచేసినదానికి ఎంత లోతుందో నాకూ అంతే' అని మాత్రం ఉంది. భాష పుట్టించినవాళ్ల పాత ఉత్తరం ఒకటి దొరికితే, అందులో చూసి తొమ్మిదో మెట్టులో 256 పెట్టాను. నేనే ఎక్కడో పొరబడినట్టున్నాను. కాస్త చూసి చెబుతారా?"

ల్యుబెన్‌కు వెంటనే అర్థమైంది. కొట్టుకుపోయిందనుకున్నది ఎక్కడికీ పోలేదు. తల్లికెంతో పిల్లకూ అంతే అని రాసి ఉంది కాబట్టి, తను పెట్టిన అరవైనాలుగును ఒక్కో తరం తరవాతి తరానికి భద్రంగా అందిస్తూ వచ్చింది. గంట కొట్టారు. మూడో పీరియడులో నలభై నిమిషాలు అతను పిల్లలకు ఏం చెప్పాడో అతనికే తెలియదు.

మర్నాడు అందరూ చదివే చోట జవాబు పెట్టాడు. "కలీనా, పాత ఉత్తరాలు పట్టుకుని అంకెలు పెట్టకు. భాండారంలో ఉన్నది మూడుసార్లు తయారుచేసి సరిచూసినది. తొమ్మిదో మెట్టు దగ్గర్నుంచి నీ వైపు అంతా మళ్లీ చూసుకో. చేత్తో చేసే పనిలో చెయ్యి తప్పడం మామూలే."

ఆ చివరి మాట పెద్దరికంగా ఉంటుందని కలిపాడు. పది నిమిషాల్లో ఆమె దగ్గర్నుంచి జవాబు వచ్చింది. "చాలా థాంక్స్ మాస్టారూ. మళ్లీ మొదటి నుంచీ చేస్తాను."

చేసింది. డ్యూటీలు చేసుకుంటూ, సెలవు రోజులన్నీ దానికే పెట్టి, నాలుగు నెలలు చేసింది. ఫిబ్రవరిలో రెండో ఉత్తరం వచ్చింది. మళ్లీ 256 వచ్చిందట, మళ్లీ తన తప్పేనట, సిగ్గుగా ఉందట. ల్యుబెన్ ఆ ఉత్తరానికి జవాబే రాయలేదు. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు.

ఇంట్లో భార్య స్తాన్కా దగ్గర అలా ఊరుకోవడం కుదరలేదు.

"ఏంటయ్యా, వారం నుంచీ చూస్తున్నా. సూప్ చల్లారిపోతుంది, నువ్వేమో చెంచా తిప్పుకుంటూ కూర్చుంటావ్. ఎవరితోనైనా గొడవపడ్డావా?"

"లేదు."

"పోనీ ఎవరితోనైనా సరసమా?"

"నా మొహానికా!"

"అదీ నిజమేలే. మరేంటి?"

చెప్పాడు. తోడు దగ్గర్నుంచి చెయ్యి తప్పడం మామూలే అన్న మాట దాకా, తల ఎత్తకుండా అంతా చెప్పాడు. స్తాన్కాకు కంప్యూటర్లంటే పడదు. అయినా మధ్యలో ఒక్కచోట కూడా ఆపి అడగలేదు.

"ఆ అమ్మాయికి చెప్పావా?"

"లేదు."

"పేరు పోతుందనా?"

"ఆ పేరు తప్ప నాకేముంది స్తాన్కా? స్కూల్లో నన్నెవరు లెక్కచేస్తారు? ప్రింటర్ పాడైతే తప్ప హెడ్మాస్టరుకు నేను గుర్తే రాను."

"నీ పేరు సంగతి నాకు తెలీదు. ఆ పిల్ల నాలుగు నెలలు లేని తప్పు కోసం వెతుక్కుంటూ కూర్చుంది. అదొక్కటే నాకు అర్థమైంది." ఆమె అతని ముందున్న పళ్లెం తీసేసింది. "మే నెలలో అందరూ ఇక్కడికే వస్తున్నారుగా. అప్పుడైనా నోరు విప్పు."

విప్పుతానన్నాడు. మార్చి అంతా, ఏప్రిల్ అంతా ఉత్తరం రాయడం, చెరిపెయ్యడం. 'ఒక చిన్న సంగతి చెప్పాలి' అని మొదలుపెట్టేవాడు. చిన్న సంగతి అని రాసుకోవడానికి తనకే ముఖం చెల్లక ఆపేసేవాడు.

యావోర్ వాళ్ల ఏటేటి సమావేశం ఆసారి ల్యుబెన్ స్కూలు హాల్లోనే. కలీనా పని సంగతి ముగ్గురు పెద్దలు శనివారం తేలుస్తారు, వాళ్లలో త్రెందఫిల్ ముఖ్యుడు. రెండు బైట్ల తేడా ఎందుకొచ్చిందో చెప్పలేకపోతే ఆమె పద్నాలుగు మెట్లూ అటకెక్కుతాయి. ఆమెను సభ్యురాలిగా తీసుకోవడమూ ఆగిపోతుంది. ఇది ల్యుబెన్‌కు అందరికన్నా బాగా తెలుసు.

శుక్రవారం మధ్యాహ్నం బస్సు దిగి కలీనా నేరుగా వాళ్లింటికే వచ్చింది. చెర్రీ మురబ్బా సీసా స్తాన్కా చేతిలో పెట్టింది. చీజ్ పెట్టి కాల్చిన పొరల రొట్టె బనిత్సా అప్పుడే ఓవెన్లోంచి తీస్తే రెండు ముక్కలు తిని, సంచిలోంచి లావుపాటి నోటుబుక్కు తీసింది. పద్నాలుగు మెట్లూ అందులో చేత్తో రాసుకుంది, నర్సులు రోగుల జ్వరం రాసుకునే పద్ధతిలో, తేదీ, వేళ, చేసిన పని. తొమ్మిదో మెట్టు పక్కన ఎర్రసిరాతో ఒక గీత, దాని కింద ఇలా ఉంది: 'నా తప్పు (మాస్టారు చెప్పారు).'

ల్యుబెన్‌కు తల కొట్టేసినట్టయింది. ఇప్పుడు చెప్పెయ్యి, ఇంతకన్నా మంచి సమయం రాదు అని లోపల ఎవరో పోరుతున్నారు. నోరు తెరిచాడు కూడా.

"ఇంకో ముక్క వేసుకో అమ్మాయ్," అన్నాడు.

"చాలు మాస్టారూ. మీరేం దిగులు పెట్టుకోకండి, మీ పేరు చెడగొట్టను. రేపు ఎలాగైనా కలిపి చూపిస్తాను."

పొయ్యి దగ్గర స్తాన్కా గిన్నె మీద మూత ఠప్పున పెట్టింది. కలీనా తను దిగిన చోటికి వెళ్లిపోయాక ఆవిడ అతని వైపు తిరగకుండా గిన్నెలు తోముకుంది. నాలుగు తిట్లు తిట్టుంటే ల్యుబెన్ ప్రాణం కాస్త తేలికపడేది.

శనివారం హాల్లో నలభై మంది దాకా కూర్చున్నారు. త్రెందఫిల్ మైకు ముందు చేరి, "కుర్చీలు గట్టిగా ఉన్నాయని ఎవరూ ఫిర్యాదు చెయ్యకండి. గబ్రోవోలో మెత్తలు అరిగిపోతాయని బీరువాలో దాస్తారు" అన్నాడు. నవ్వులయ్యాక కలీనాను పిలిచాడు.

ఆమె పదిహేను నిమిషాలు మాట్లాడింది. మెట్టు మెట్టూ చెప్పుకుంటూ వచ్చింది. చివర్లో, "కిందటి వారం దాకా రెండు బైట్లు తేడా ఉండేది. ఇప్పుడు లేదు, చూడండి" అని తెర మీద రెండు వ్రెతెనోలకూ ఆనవాళ్లుగా వచ్చే రెండు పొడుగాటి అంకెలు ఒకదాని కింద ఒకటి పెట్టింది. మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉన్నాయి. హాలంతా చప్పట్లు కొట్టింది. ల్యుబెన్ కూడా కొట్టాడు. బతికిపోయాను అనుకున్నాడు. ఆమె ఎలా కలిపిందో ఆలోచించకుండానే, ఆ ఒక్క క్షణం అతనికి ఒళ్లంతా హాయిగా అనిపించింది. తరవాత తన పనులన్నిటికన్నా ఎక్కువగా అతను సిగ్గుపడింది ఆ హాయికే.

త్రెందఫిల్ కళ్లజోడు పెట్టుకుని ఆమె కాగితం పైకి చదవడం మొదలుపెట్టాడు. అది వాళ్ల ఆనవాయితీ. కొత్తవాళ్ల మొదటి కాగితాన్ని అందరి ముందూ చదువుతారు. 'ఏం మార్చాను' అన్న చోటికి వచ్చాడు.

"'తొమ్మిదో మెట్టులో 256 తీసేసి 64 పెట్టాను. 64 ఎందుకు ఉండాలో నాకు తెలియదు. భాండారంలో అలా ఉంది కాబట్టి పెట్టాను. మాస్టారికి తెలిసి ఉంటుంది. అడిగి కారణం ఇక్కడ రాస్తాను.'"

ల్యుబెన్‌కు అప్పుడు అర్థమైంది. తన మాట నమ్మి, ఏడాది పైగా శుభ్రంగా చేసుకొచ్చిన పనిలో తన మురికి తెచ్చి కలిపింది. కలిపి, కలిపానని దాచకుండా రాసింది. అదే చోట పన్నెండేళ్ల కింద తను రాసింది 'మార్పులేమీ లేవు' అని.

"ఇంకేం, మాస్టారు ఎదురుగానే ఉన్నాడు," అన్నాడు త్రెందఫిల్. "లేవరా ల్యుబెన్. ఎందుకురా అరవైనాలుగు?"

ల్యుబెన్ లేచాడు. జవాబు అతని దగ్గర సిద్ధంగానే ఉంది. ఈ ఏడు నెలల్లో ఎన్నిసార్లు తయారుచేసి పెట్టుకున్నాడో. ఎవరూ కాదనలేని జవాబు.

"పాత యంత్రాల్లో మెమరీ తక్కువ కదా," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "వాటి మీద కూడా నడవాలని మొదట్లోనే ఆలోచించి..."

వేదిక మీద కలీనా గబగబా నోటుబుక్కు తెరిచి, వంగి, అతని మాటలు ఒక్కొక్కటే రాసుకుంటోంది. ఒకచోట ఆగి తల ఎత్తింది.

"మొదట్లోనే ఆలోచించి... తరవాత ఏమన్నారు మాస్టారూ?"

అతను ఆమె చేతిలోని కలం వంక చూశాడు.

"రాయకమ్మా," అన్నాడు. "అబద్ధం."

హాల్లో ఎవరో నవ్వబోయి ఆగిపోయారు.

"నా ల్యాప్‌టాప్‌కు మెమరీ చాలలేదు. తోడు విప్పి 256 తీసేసి 64 పెట్టింది నేను. మూడుసార్లు తయారుచెయ్యలేదు, ఒక్కసారే చేశాను. కాగితంలో మార్పులేమీ లేవని రాసి సంతకం పెట్టాను. కలీనా తప్పేమీ లేదు. ఆమె మొదట చేసిందే సరైంది, రెండోసారి చేసిందీ సరైందే. ఇవాళ చూపించిందే తప్పు. అది నా తప్పు."

ఎంత చిన్నగా ఉందో చెప్పడానికి. అర నిమిషం కూడా పట్టలేదు.

త్రెందఫిల్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఆరోజు నేను ఫోన్ చేశాను కదరా. మా యంత్రం ఖాళీగా ఉందన్నాను."

"అన్నావు."

"అక్కర్లేదన్నావు."

"అవును."

"పన్నెండేళ్లు నీ కడుపు జోకు వేశానురా నేను. నువ్వూ నవ్వావు."

ల్యుబెన్ కూర్చోవచ్చో లేదో తెలియక అలాగే నిలబడ్డాడు.

ఎవరూ అతన్ని తిట్టలేదు. ముగ్గురు పెద్దలు పక్క గదిలోకి వెళ్లి ఇరవై నిమిషాల్లో తిరిగొచ్చారు. కలీనా 256తో కట్టిన పద్నాలుగు మెట్ల నుంచి వచ్చిన వ్రెతెనోనే ఇకమీద యావోర్ వ్రెతెనో అన్నారు. ఆమెను సభ్యురాలిగా తీసుకున్నారు. ల్యుబెన్ మినేవ్ సంతకం ఆ రోజు నుంచి చెల్లదన్నారు. అది చెల్లకపోతే, అతను పూచీపడిన వాళ్లకు కూడా పూచీ పోయినట్టే. వాళ్లంతా మరొకరికి గుర్తింపు కార్డులు చూపించి, మళ్లీ కొత్తగా పూచీ తెచ్చుకోవాలి. హాల్లో అలాంటివాళ్లు పదిహేడు మంది తేలారు.

పదిహేడు మందీ అక్కడికక్కడే వరసలో నిలబడ్డారు. నెత్తి నెరిసినవాళ్లు, చంటిపిల్లను ఎత్తుకున్న ఒకావిడ, ఎప్పుడో అతని దగ్గరే చదువుకున్న ఇద్దరు, వాళ్ల వెనక కలీనా. జేబులు తడుముకుని కార్డులు తీసి పట్టుకున్నారు. పదిహేడోవాడిగా త్రెందఫిల్ లేచి వచ్చి వరస చివర చేరాడు. అతన్ని పదిహేనేళ్ల కింద పూచీపడి తెచ్చిందీ ల్యుబెనే. "నా ఫొటో చూసి భయపడకండి, అప్పుడు జుట్టుండేది" అన్నాడు. ఎవరూ నవ్వలేదు, తనూ నవ్వలేదు. ల్యుబెన్ గోడవార కుర్చీలో కూర్చుని వాళ్లు ఒక్కొక్కరే ముందుకు జరగడం చూశాడు. లేచి బయటికి పోవాలని ఉంది. పోతే తప్పించుకున్నట్టుంటుందని కూర్చున్నాడు. అతని పక్కనుంచి వెళ్లేవాళ్లు అతని వైపు చూడకుండా ఉండడానికి మర్యాదగా కష్టపడ్డారు.

అందరూ భోజనాలకు కదిలాక కలీనా వచ్చి, మధ్యలో ఒక కుర్చీ వదిలి కూర్చుంది.

"ఒక్కటి అడగాలి. అక్టోబరులో ఆ జవాబు రాసేటప్పుడు మీకు తెలుసా?"

"తెలుసు."

"అప్పటికే?"

"నీ ఉత్తరం చదివిన నిమిషంలోనే తెలిసింది."

ఆమె కాసేపు చేతులు చూసుకుంది.

"చెయ్యి తప్పడం మామూలే అన్నారు. మీరన్నారు కదాని నమ్మాను. అప్పటి నుంచీ నా చెయ్యంటే నాకే భయం పట్టుకుంది. చలికాలమంతా వార్డులో మందు సిరంజిలోకి తీసిన ప్రతిసారీ పక్క నర్సును పిలిచి, సరిగ్గా తీశానో లేదో చూడవే అనేదాన్ని. మొదట్లో చూసేవాళ్లు. తరవాత నవ్వడం మొదలుపెట్టారు. నేను పసిపిల్లల వార్డులో ఉండేదాన్ని. వాళ్లకు ఇచ్చేది చుక్కల్లో లెక్క, తేడా వస్తే ప్రాణం మీదికొస్తుంది. రెండోసారీ అదే వచ్చాక, మార్చిలో నేనే వెళ్లి, నన్ను అక్కణ్ణుంచి మార్చెయ్యండి అని అడిగాను. మార్చేశారు. ఇప్పుడు కాగితాలు రాసే చోట ఉన్నాను."

"కలీనా..." అన్నాడు ల్యుబెన్. పేరు పోతుందని ఇన్నాళ్లూ వణికాడు. ఈ సంగతి అతని ఊహకు కూడా అందలేదు.

"మళ్లీ ఆ వార్డుకు వెళ్లొచ్చు కదమ్మా," అన్నాడు చివరికి. "నీ చెయ్యి ఎప్పుడూ తప్పలేదు."

"ఇప్పుడు తెలిసింది. ఆ చోటు వేరేవాళ్లకు ఇచ్చేశారు." ఆమె లేచి నోటుబుక్కు సంచిలో పెట్టుకుంది. "నాలుగున్నర బస్సు అందుకోవాలి. వెళ్తాను, మినేవ్ గారూ."

అంతకుముందెప్పుడూ ఆమె అతన్ని ఇంటిపేరుతో పిలవలేదు. ఆమె తలుపు దాటి వెళ్లేదాకా ల్యుబెన్ తల ఎత్తలేకపోయాడు.